ఎన్ని మెతుకులు పట్టి చూడాలి?

కిందటేడు మా మనవరాలి బారసాలకి మా అమ్మాయికి ఒక ముచ్చట పుట్టింది. పాపని ఉయ్యాల్లో వేసేటప్పుడు నాయనమ్మ పాడిన హారతి పాట వినిపించాలని. నాయనమ్మ అంటే మా అమ్మ. 1991లోనే పోయింది. అమ్మాయికి ఆవిడ మొహం లీలగా గుర్తు, గొంతు అసలు గుర్తు లేదు. కాని పాట కంప్యూటర్లో ఉంది కదా! 1994లో నేనే ఎక్కించాను.

1980ల్లో ఈ దేశం వచ్చిన వాళ్లకి కేసెట్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇండియాకి ఫోను చెయ్యాలంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని, గడియారం చూసుకుంటూ మాట్లాడే రోజులు. అందుకని ఎవరైనా వస్తూంటే వాళ్ల చేత ఆవకాయ జాడీతో పాటు ఒక కేసెట్టు కూడా పంపేవారు ఇంట్లో వాళ్లు. అందులో కబుర్లు, కుక్కర్ ఈలలు, పక్కింటి వాళ్ల రేడియో, మధ్యలో పాట. మా అమ్మ పాడుతుంటే నాన్న పక్కన కూర్చుని తాళాలు వేసేవారు. ఆ కేసెట్టు 1986లో వచ్చింది.

అమ్మాయి పాటని మంచి స్పీకర్ల మీద పెట్టి వింది. రెండు నిమిషాలకి నా కేసి తిరిగి, "నాన్నా, వెనకాల ఎవరో స్టీలు కంచం గీరుతున్నట్టుందేం?" అంది. మళ్లీ వింది. "నాయనమ్మ పైకి పాడుతుంటే అదేమిటో కిందికి దిగుతోంది" అంది.

అదేమిటో నాకు తెలుసు. కేసెట్టులో ఆ చప్పుడు లేదు. అది నేను తయారు చేసినది. పోనీ మళ్లీ ఎక్కిద్దామంటే కేసెట్టు లేదు. కంప్యూటర్లో భద్రంగా ఉంది కదా అన్న ధీమాతో ఆ టేపు మీదే మా అబ్బాయి పుట్టినరోజు హడావిడి రికార్డు చేశాను.

జీతం తీసుకున్నన్నాళ్లూ ఇలాంటి లెక్కలతోనే కాలక్షేపం చేసిన వాణ్ణి కనక ఇది సిగ్గుపడాల్సిన విషయమే. అయినా సావనీరుకి ఏదైనా రాయమని అడిగినప్పుడు ఇదే రాద్దామనిపించింది. మీలో చాలామంది ఇళ్లల్లో, మంచాల కిందో, గరాజుల్లోనో ఇలాంటి కేసెట్ల అట్టపెట్టెలు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలని మనవాళ్ల సామెత. మచ్చు చూడటం అంటే అదే. బియ్యం కొట్టులో గోనెసంచి లోకి గుచ్చి నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని చూడటమూ అదే. కంప్యూటరు పాటని వినే పద్ధతీ ఇంతే. మైకు దగ్గర గాలి ఒత్తిడి ఎడతెగకుండా ఊగుతూ ఉంటుంది. కంప్యూటరు దాన్నంతటినీ పట్టుకోలేదు. క్షణక్షణానికీ ఒక మెతుకు పట్టుకుని, ఎంత ఉందో ఒక అంకె రాసుకుని, మిగతాది వదిలేస్తుంది. కాంపాక్ట్ డిస్కులో ఈ అంకెలు ఒక్కొక్క చెవికీ సెకనుకి 44,100. ఫోనులో చాలాకాలం పాటు 8,000.

ఇక్కడ ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటి ఉంది. ఒక మెతుక్కీ ఇంకో మెతుక్కీ మధ్య ఏం జరిగిందో మనం చూడలేదు కదా, ఆ మధ్యది పోయినట్టే కదా అని. పోలేదు. కొంచెం పోవడం కాదు, బొత్తిగా ఏమీ పోలేదు. కాకపోతే ఒక షరతు ఉంది. ఆ షరతు తప్పినందుకే మా ఇంట్లో స్టీలు కంచం మోగింది.

షరతు ఏమిటో చూడటానికి గోడ గడియారం చాలు. పెద్ద ముల్లు గంటకొకసారి చుట్టూ తిరిగి వస్తుంది. మీరు దాన్ని పావుగంటకొకసారి చూశారనుకోండి: 12, 3, 6, 9. సవ్యంగా తిరుగుతోందని తెలుస్తుంది. అదే 55 నిమిషాలకొకసారి చూస్తే? మొదట 12 మీద, తరవాత 11 మీద, తరవాత 10 మీద కనబడుతుంది. చూసిన ప్రతిసారీ ముల్లు అక్కడే ఉంది, అందులో అబద్ధం లేదు. అయినా మీ నోటుపుస్తకంలో ఉన్నది వెనక్కి తిరిగే గడియారం, అదీ పదకొండు గంటలకొక చుట్టు చొప్పున నింపాదిగా. సరిగ్గా అరగంటకొకసారి చూస్తే 12, 6, 12, 6. ముందుకి తిరుగుతోందో వెనక్కి తిరుగుతోందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అంటే ఒక చుట్టులో కనీసం రెండు సార్ల కంటే ఎక్కువ చూడాలి. సిద్ధాంతం ఇంతే. సినిమాలో బండి చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించేది కూడా ఇందుకే. అక్కడ మచ్చులు సెకనుకి 24 బొమ్మలు.

గడియారంలో ఒకే ముల్లు. పాటలో వేల ముళ్లు. ఎంత గజిబిజి శబ్దమైనా రకరకాల వేగాలతో ఊగే శుద్ధ స్వరాల మొత్తమేనని ఫ్రెంచి వాడు ఫూరియే 1807లో అన్నాడు. ఆనాటి పెద్దలు అంత తొందరగా ఒప్పుకోలేదు. సెకనుకి ఎన్ని ఊపులో దాన్ని బడి పుస్తకాల్లో పౌనఃపున్యం అన్నారు. నోరు తిరగని వాళ్లు ఫ్రీక్వెన్సీ అనుకోవచ్చు, నేనూ అలాగే అంటాను.

ఇప్పుడొక చిన్న లెక్క. ఒక సెకను పాట తీసుకుందాం. అందులో సెకనుకి 4,000 ఊపుల కంటే వేగమైన స్వరం ఏదీ లేదని మనకి ముందే తెలుసు. ఒకటి, రెండు, మూడు అలా 4,000 దాకా ఊపుల స్వరాలు. ఒక్కొక్క స్వరం గురించి తెలియాల్సినవి రెండే: ఎంత గట్టిగా ఉంది, ఊపు ఎక్కడ మొదలయింది. అంటే మొత్తం 8,000 తెలియని రాశులు. ఎనిమిదో తరగతిలో మేష్టారు చెప్పినట్టు రెండు తెలియనివి ఉంటే రెండు సమీకరణాలు కావాలి, 8,000 ఉంటే 8,000 కావాలి. మనం తీసే ప్రతి మచ్చూ ఒక సమీకరణం. సెకనుకి 8,000 మచ్చులు తీస్తే లెక్క తెగుతుంది, దొరికే జవాబు ఒక్కటే. మచ్చుల మధ్యలో పాట ఎలా ఉండాలో ఆ జవాబే చెబుతుంది. సరిగ్గా అంచు మీద ఉన్న స్వరంతో గడియారంలో అరగంట పేచీ లాంటిది వస్తుంది కనక కొంచెం ఎక్కువే తియ్యాలి. పండితులు రాసిన రుజువు ఇంకా పకడ్బందీగా ఉంటుంది గాని దాని గుండెకాయ ఇదే.

ఈ సిద్ధాంతానికి తండ్రి ఎవరన్నది పెద్ద తగువు. 1915లో ఎడింబరోలో విట్టకర్ అనే గణిత ప్రొఫెసరు, పాటలతో గాని ఫోనులతో గాని పని లేకుండా, చుక్కల గుండా వెళ్లే గీతల్లో అన్నిటికంటే నునుపైనది ఏదని అడిగి దీని గణితం రాశాడు. స్వీడన్‌లో పుట్టి ఈ దేశం వచ్చిన హారీ నైక్విస్ట్ 1928లో టెలిగ్రాఫు తీగ గురించి ఆలోచిస్తూ ఇదే లెక్కని అటునుంచి చూశాడు. ఒక తీగ ఇంత ఫ్రీక్వెన్సీ దాకా మొయ్యగలిగితే దానికి రెట్టింపు గుర్తులు సెకనుకి పంపొచ్చన్నాడు. 1933లో రష్యాలో కొతెల్నికోవ్ ఇంజనీర్ల భాషలో పూర్తిగా రాశాడు. అది రష్యనులో ఉండిపోవడంతో ఇటువైపు వాళ్లకి చాలాకాలం తెలియలేదు. చివరికి 1949లో బెల్ లాబ్స్‌లో ఉన్న క్లాడ్ షానన్ రెండు మూడు వాక్యాల్లో తేల్చి, ఈ రంగంలో వాళ్లకి ఇది తెలిసిన సంగతేనని కూడా అన్నాడు. పుస్తకాల్లో ఇప్పుడు నైక్విస్ట్ పేరూ షానన్ పేరూ కలిపి పెడతారు. ఎవరి ఊళ్లో వాళ్లు తమవాడి పేరు చేర్చుకుంటారు. మన ఊళ్లల్లో విగ్రహాల గొడవ లాంటిదే.

చుక్కల్ని కలిపే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చదువుకున్న వాళ్లు కూడా ఇక్కడే పొరబడతారు. డిజిటల్ పాట అంటే మెట్లు మెట్లుగా ఉంటుందని, గ్రామఫోను రికార్డు లాగా నున్నగా ఉండదని అంటూంటారు. కాగితం మీద గీసిన బొమ్మలో అలా ఉంటుంది, నిజమే. స్పీకరు దాకా వచ్చే సరికి ఆ మెట్లు ఉండవు. చెరువులో రాయి వేస్తే అలలు లేచినట్టు ప్రతి మచ్చూ తన చోట ఒక పెద్ద అలనీ, రెండు పక్కలా చిన్నవవుతూ పోయే అలలనీ లేపుతుంది. ఆ అలల ఆకారం ఎంత తెలివైనదంటే, మిగతా మచ్చులున్న ప్రతి చోటా దాని ఎత్తు సరిగ్గా సున్నా. అంచేత ఏ మచ్చూ ఇంకో మచ్చు విలువని చెడగొట్టదు. మచ్చుల మధ్య ఖాళీల్లో మాత్రం అన్ని అలలూ వచ్చి కలుస్తాయి. మన ఉమ్మడి కుటుంబాల్లో ఎవరి గదిలో వాళ్లదే రాజ్యం, వసారాలోకి వస్తే మాత్రం అందరూ మాట్లాడతారు చూశారా, అలాగన్నమాట. ఈ అలలన్నిటినీ కూడితే వచ్చేది మైకు ముందు ఊగిన అసలు గీతే, దాన్ని పోలినది కాదు. ఒక తమాషా ఏమిటంటే ఈ కూడికలో ఇంకా రాని మచ్చులకీ వాటా ఉంది. అందుకని ఏ యంత్రమైనా కాసేపు ఆగి, కొన్ని ముందరి మచ్చులు చేతికొచ్చాకే జవాబు చెబుతుంది. ఆ ఆగడం సెకనులో ఎన్నో వందో వంతో కనక మనకి తెలియదు.

ఇంక ఫోను సంగతి. మనిషి మాట అర్థం కావడానికి సెకనుకి 300 నుంచి 3,400 ఊపుల దాకా చాలని ఫోను వాళ్లు నిర్ణయించుకున్నారు. దాని రెట్టింపు 6,800, కొంచెం జాగా వదిలి 8,000. ఈ దేశంలో 1962 నుంచి డిజిటల్ ఫోను లైన్లు ఈ లెక్క మీదే వేశారు. 3,400 దగ్గర కోసెయ్యడం వల్ల ఏం పోయిందో మన ఇంటిపేర్లు ఫోనులో చెప్పుకున్న వాళ్లందరికీ తెలుసు. 'స' అనే అక్షరంలో ఉన్న బుస అంతా 4,000కి పైనే ఎక్కువ. అది పోతే ఇంగ్లీషు ఎస్సుకీ ఎఫ్ఫుకీ తేడా తెలియదు. "ఎస్ యాజ్ ఇన్ శామ్, ఎఫ్ యాజ్ ఇన్ ఫ్రాంక్" అని పద్నాలుగు అక్షరాల ఇంటిపేరు విడమరిచి చెప్పి చెప్పి అలిసిపోయాం. తప్పు మన ఉచ్చారణది కాదు, ఆ 3,400ది. కింద 300 దగ్గర కోసినా మగవాళ్ల గొంతు మగ గొంతులానే వినిపించడం ఇంకో వింత. మగ గొంతు మూలస్వరం మామూలుగా 100, 150 మధ్య ఉంటుంది. అది ఫోనులోంచి రానే రాదు. దాని పై స్వరాల మధ్య ఎడం చూసి మన బుర్రే మూలస్వరాన్ని లోపల్నుంచి పూరించుకుంటుంది.

సీడీ వాళ్లు ఇంత పిసినారులు కారు. మనిషి చెవి సుమారు 20,000 దాకా వింటుంది. దాని రెట్టింపు 40,000, వడపోతకి జాగా వదిలితే ఇంకొంచెం. మరి ఈ 44,100 అనే వంకర అంకె ఎక్కడిది? 1970ల్లో అన్ని అంకెల్ని దాచగల యంత్రం వీడియో రికార్డరు ఒక్కటే. అమెరికా పద్ధతి వీడియోలో సెకనుకి 60 తెరలు, తెరకి పనికొచ్చే గీతలు 245, గీతకి మూడు మచ్చులు. 60 × 245 × 3 చేసి చూడండి. యూరపు పద్ధతిలో 50 తెరలు, 294 గీతలు, మళ్లీ మూడు. జవాబు అదే. రెండు ఖండాలకీ సరిపడే అంకె కనక అది నిలిచిపోయింది. 1982లో సీడీ బజారుకి వచ్చేటప్పటికి అదే ప్రమాణం. 2, 3, 5, 7 గుణిస్తే 210, 210ని 210తో గుణిస్తే 44,100. లెక్కల మీద సరదా ఉన్న పిల్లలకి ఇది చెప్పండి, అన్నం మానేసి ఆలోచిస్తారు.

ఇప్పుడు నా ఘనకార్యం. 1994లో మా ఇంట్లో కంప్యూటరు డిస్కు మొత్తం 340 మెగాబైట్లు. అరవై నిమిషాల కేసెట్టుని సీడీ మచ్చులతో, ఒక్క చెవికే ఎక్కించినా 317 మెగాబైట్లు. అంటే అమ్మ పాట ఉంచుకోవాలంటే మిగతావన్నీ తీసెయ్యాలి. అదే ఫోను లెక్కన 8,000 మచ్చులతో ఎక్కిస్తే 29 మెగాబైట్లే. 'ఇది కబుర్ల కేసెట్టే కదా, ఫోనుకి చాలినది దీనికి చాలదా' అనుకున్నాను. రాత్రి పదకొండింటికి, పిల్లలు పడుకున్నాక, కొత్త సౌండు కార్డు బిగించి ఎక్కించేశాను.

మరిచిపోయినది ఇదీ. ఫోను వాళ్లు మచ్చులు తియ్యడానికి ముందే 3,400కి పైన ఉన్నదాన్ని వడపోసేస్తారు. 4,000కి పైన ఏమీ లేదన్న షరతుని వాళ్లు చేతులారా నిజం చేస్తారు. నా కార్డులో ఆ వడపోత ఉందో లేదో నేను చూడలేదు. కేసెట్టులో మాత్రం పది, పన్నెండు వేల దాకా శబ్దం ఉంది. మా నాన్న తాళాలు ఉన్నాయి. కంచు తాళం మోతలో సగం ఆ పై అంతస్తులోనే ఉంటుంది.

సెకనుకి 8,000 మచ్చులు తీసేటప్పుడు 5,000 ఊపుల స్వరం వస్తే, అది 55 నిమిషాల గడియారం లాగా, 3,000 ఊపుల స్వరంగా నమోదవుతుంది. 6,000ది 2,000గా, 7,000ది 1,000గా. తడి సిరా ఆరని కాగితాన్ని 4,000 దగ్గర మడతపెట్టినట్టు, పై సగం కింది సగం మీద అచ్చు పడుతుంది. అమ్మ గొంతు పైకి పోతుంటే గొంతులోని సన్నని పై స్వరాలు 4,000 దాటి, మడత తిరిగి, కిందికి దిగుతూ వచ్చాయి. మా అమ్మాయి చెవి పట్టింది అదే. నాన్న తాళాల మోత స్టీలు కంచం గీతయింది. ఇంగ్లీషులో వీటిని మారుపేర్ల స్వరాలంటారు, నా మటుకు దొంగ స్వరాలు. అప్పట్లో కంప్యూటరు పక్కనుండే అగ్గిపెట్టెంత స్పీకర్లలో ఇదేమీ తెలియలేదు.

ఇప్పుడు దాన్ని శుభ్రం చెయ్యలేమా అని అమ్మాయి అడిగింది. మూడు వారాలు కూర్చున్నాను. గరగర తగ్గించవచ్చు, ఊహించి దిద్దవచ్చు, ఈ రోజుల్లో దానికి తెలివైన ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. కాని ఫైల్లో 3,000 అని ఉన్నది అమ్మ గొంతులోని 3,000ఓ, నాన్న తాళంలోని 5,000ఓ చెప్పే సాక్ష్యం ఎక్కడా లేదు. రెండూ ఒకే అంకెలు. ఒక్క మెతుకు చాలన్న సామెత కూడా గిన్నెలో ఒకే రకం బియ్యం ఉన్నప్పుడే నిజం. పాతబియ్యం, కొత్తబియ్యం కలిపి ఎసట్లో పోస్తే ఆ మెతుకు అబద్ధం చెబుతుంది. మచ్చు తీశాక బియ్యం వేరుచెయ్యడం ఎవరి వల్లా కాదు. వడపోత ముందే జరగాలి, తరవాత చేసేది వడపోత కాదు.

ఒక్కొక్క మచ్చుని ఎంత నిక్కచ్చిగా రాసుకోవాలన్నది ఇంకో లెక్క. ఎనిమిది బిట్లయితే 256 మెట్లు, పదహారయితే 65,536. బిట్టు పెరిగితే రొద సగమవుతుంది. దీని వల్ల వచ్చే నష్టం సన్నని రొదగా వినిపిస్తుంది, దొంగ స్వరాల్లా మోసం చెయ్యదు. మచ్చులు తీశాక వాటిని పిండి చిన్నవి చెయ్యడం మూడో లెక్క. అందులో మనవాళ్ల చెయ్యి ఉంది. 1974లో నసీర్ అహ్మద్, నటరాజన్, కె.ఆర్. రావు కలిసి రాసిన కొసైన్ మార్పిడి వ్యాసం మీదే ఈనాటి ఫోటోలూ వీడియోలూ చాలావరకు నడుస్తున్నాయి. దాని తమ్ముడి లాంటిది ఎంపీత్రీ పాటల్లో పనిచేస్తోంది. కె.ఆర్. రావు అంటే కామిశెట్టి రామమోహనరావు గారు. ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి 2021లో కన్నుమూశారు. మీ సెల్‌ఫోనులో పెళ్లి ఫొటో చూసినప్పుడల్లా ఆయన లెక్క ఒకసారి తిరుగుతుంది.

అట్టపెట్టెలో వెతికితే అమ్మది ఇంకొక్క కేసెట్టు దొరికింది. 1988 నాటిది, మీద నాన్న చేతిరాత. ఈసారి తొందరపడలేదు. టేపు డెక్కు హెడ్డు శుభ్రం చేసి, ముందు వేరే పనికిరాని కేసెట్టు ఒకటి తిప్పి చూసి, ఆ తరవాత సెకనుకి 96,000 మచ్చులతో, 24 బిట్లతో ఎక్కించాను. పాత రికార్డింగులు దాచే సంస్థలు కనీసం 48,000 అంటాయి. నాది కాస్త అతే, కాని డిస్కులు ఇప్పుడు చవక, అమ్మ కేసెట్టు ఇంకోటి లేదు. మీ ఇంట్లో పెట్టె తీస్తే మీరూ 48,000కి తగ్గకండి, ఫైలు చిన్నదవ్వాలని పిండకండి, ముఖ్యంగా అసలు కేసెట్టు పారెయ్యకండి. దాని మీద పుట్టినరోజులు రికార్డు చెయ్యకండి.

అమ్మాయీ నేనూ హెడ్‌ఫోనులు పెట్టుకుని కూర్చున్నాం. కాసేపు టేపు రొద. గిన్నె ఎవరో కింద పెట్టిన చప్పుడు. తరవాత దగ్గరగా, 'స'లో బుస కూడా స్పష్టంగా వినిపించేలా, అమ్మ గొంతు: "ఏమండీ, తిరుగుతోందా? సరిగ్గా నొక్కారా? ఒరేయ్ అబ్బాయ్, వినిపిస్తోందా..." నాన్న ఏదో అన్నారు, దూరంగా. ఆ వెంటనే తాళం మోగింది. అది చివరి దాకా సన్నబడుతూ, సన్నబడుతూ పోయింది. అమ్మాయి వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది.